వదిన అడిగిన వేరియంట్

శ్రావణమాసంలో ఒక రాత్రి పదిన్నరకి వదిన ఫోన్ చేసింది. తొమ్మిదింటికల్లా పడుకునే మనిషి ఆ వేళప్పుడు ఫోన్ చేస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. పక్కగదిలో ఉన్న అన్నయ్యకి వినపడకుండా గొంతు తగ్గించి, "రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టాను, చూడమ్మాయ్. నువ్వు జువాలజీ చెప్తావు కదా, నీకైతే అర్థమవుతుంది" అంది. చూశాను. హెచ్‌పీవీ హై రిస్క్, టైపు 16 పాజిటివ్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హ్యూమన్ పాపిలోమా వైరస్ అది. ఏం చెప్పాలో కూడబలుక్కునేలోపే ఆవిడే అడిగింది: "పదహారని వాళ్ళూ చెప్పారులే. ఇది ఏ వేరియంట్?"

వదినకి నలభై ఆరేళ్ళు. ఖమ్మం దగ్గర ఊరు. వాళ్ళ మహిళా సంఘంలో ఒకావిడకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బాగా ముదిరాక బయటపడింది. అది చూసి తనంతట తానే వెళ్ళి టెస్ట్ చేయించుకుంది. అంతవరకు ఆవిడ చేసిన పని నేను కూడా చేయలేదు, అది ముందే ఒప్పుకుంటున్నాను. చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. డాక్టరు కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని భూతద్దంలాంటి పరికరంతో చూసే పరీక్షకి, రమ్మంటే ఈవిడ వెళ్ళలేదు. యూట్యూబ్‌లో ఎవరో "ఆసియన్-అమెరికన్ వేరియంట్ అన్నిటికంటే డేంజర్" అని చెప్పారట. తనది అదో కాదో తేలాకే మిగతాదంతా అని కూర్చుంది. "తెలిస్తే కదా, భయపడాలో వద్దో తెలిసేది" అంది.

నాకు మొదట ఇది సబబుగానే అనిపించింది. ఆ రాత్రి రెండింటి దాకా వేరియంట్ టెస్ట్ హైదరాబాద్‌లో ఎక్కడైనా చేస్తారా అని వెతుకుతూ కూర్చున్నాను. మర్నాడు ఫస్టియర్ వాళ్ళకి కప్ప గుండె చెప్తూ కూడా అదే ఆలోచన. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. హెచ్‌పీవీ వేరియంట్ల గురించి శాస్త్రవేత్తలు కనిపెట్టినదంతా నిజమే, ఆసక్తికరమే. కానీ చేతిలో పాజిటివ్ రిపోర్ట్ ఉన్న స్త్రీకి ఆ ప్రశ్న ఈ రోజుకి ఎందుకూ పనికిరాదు. పైగా అది ఆమెను కాల్పోస్కోపీ బల్ల దాకా వెళ్ళకుండా ఆపగలదు. మా వదినని ఆపింది.

కోవిడ్ మప్పిన మాట

2021కి ముందు మా ఇంట్లో వేరియంట్ అన్న మాట కార్ల గురించి తప్ప ఎవరూ వాడలేదు. డెల్టా వచ్చింది, ఒమిక్రాన్ వచ్చింది, మాట ఊరూరా పాకింది. దాంతోపాటు ఒక అర్థం కూడా పాతుకుపోయింది: వేరియంట్ అంటే కొత్తగా పుట్టినది, పాతదానికంటే చురుకైనది, ఎక్కడో దూరదేశం నుంచి విమానమెక్కి వచ్చేది.

హెచ్‌పీవీకి ఈ అర్థం అస్సలు అతకదు. ఇది డీఎన్‌ఏ వైరస్. దాదాపు 7,900 అక్షరాల చిన్న చక్రం, అందులో ఎనిమిది జన్యువులు. తన నకళ్ళు తీసుకోవడానికి మన కణంలోని యంత్రాంగాన్నే వాడుకుంటుంది. మన యంత్రాంగం తప్పులు దిద్దుకుంటూ రాస్తుంది కాబట్టి మార్పులు చాలా నెమ్మది. కోవిడ్ వైరస్‌లో ఏడాదికి కనబడే మార్పు ఇక్కడ కనబడాలంటే వేల ఏళ్ళు కావాలి. మనుషులు ఆఫ్రికా నుంచి బయల్దేరినప్పుడు వాళ్ళతోపాటే నడిచొచ్చిన వైరస్ ఇది. ఒక శాఖ నియాండర్తల్ మనుషుల నుంచి మనకి అంటి ఉండొచ్చని కూడా కొందరు వాదించారు. అంత పాత కాపురం.

ఇంకో గందరగోళం మన పత్రికల పుణ్యం. టైపునీ రకం అంటారు, వేరియంట్‌నీ రకం అంటారు. వదినకి మామిడిపళ్ళతో చెప్పాను. బంగినపల్లి వేరు, చిన్న రసం వేరు. అది టైపుల తేడా. బంగినపల్లిలోనే మీ తోట కాయకీ మా తోట కాయకీ ఉండే తేడా వేరియంట్. హెచ్‌పీవీలో రెండొందలకి పైగా టైపులున్నాయి, వాటిలో డజను పైచిలుకు మాత్రమే క్యాన్సర్ తెచ్చే జాతివి. పై తొడుగుకి సంబంధించిన ఎల్1 అనే జన్యువు పది శాతానికి మించి తేడాగా ఉంటే దాన్ని వేరే టైపు అంటారు. అంతకంటే చిన్న తేడాలతో ఒకే టైపులో ఉండేవి వేరియంట్లు. పదహారులో ఎ, బి, సి, డి అని నాలుగు శాఖలు, వాటిలో మళ్ళీ ఉపశాఖలు.

ఈ అక్షరాలకి ముందు యూరోపియన్, ఆఫ్రికన్, ఆసియన్-అమెరికన్ అని పేర్లుండేవి. నమూనాలు ఎక్కడ ఎక్కువ దొరికితే ఆ పేరు. వదిన విన్న "ఆసియన్-అమెరికన్" ఇప్పటి డి శాఖ, అది ఎక్కువగా కనబడేది మధ్య, దక్షిణ అమెరికాల్లో. పేరులో ఆసియా ఉందని మనం భుజాలు తడుముకుంటున్నాం.

మారనిదే ప్రమాదం

డి మీద ఆ భయం ఊరికే పుట్టలేదు. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల్లో స్క్రీనింగ్ చేయించుకున్న స్త్రీల నమూనాలతో 2016లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పదహారు సోకినవాళ్ళలోనే డి2, డి3 ఉపశాఖలు ఉన్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువని, ముఖ్యంగా గ్రంథి కణాల్లో పుట్టే అడినోకార్సినోమా ముప్పు చాలా రెట్లు ఎక్కువని అందులో తేలింది. తూర్పు ఆసియాలో కనబడే ఎ4 మీద కూడా అలాంటి ఆరోపణలే ఉన్నాయి.

కానీ నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసింది 2017లో అదే బృందం తెచ్చిన ఇంకో పరిశోధన. పదహారు సోకిన 5,570 నమూనాల్లో వైరస్ జన్యుక్రమాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. ఎవరి వైరస్ వాళ్ళదే అన్నట్టు, అచ్చంగా ఒకేలా ఉన్నవి తక్కువ. అక్కడక్కడా ఒకటో రెండో అక్షరాల తేడా. అయితే ఇ7 అనే చిన్న జన్యువు దగ్గర కథ తిరగబడింది. క్యాన్సర్ లేనివాళ్ళ వైరస్‌లో ఇ7లో మార్పులు కనబడ్డాయి. క్యాన్సర్ ఉన్నవాళ్ళ వైరస్‌లో అవి బాగా అరుదు.

ఎందుకంటే క్యాన్సర్ పనంతా ఇ6, ఇ7 అనే ఇద్దరిదే. మన కణంలో కాపలాదారులాంటి పి53 ప్రోటీన్‌ని ఇ6 పట్టుకెళ్ళి నాశనం చేయిస్తుంది. కణ విభజనకి బ్రేకులాంటి ఆర్‌బీ ప్రోటీన్‌ని ఇ7 పట్టేసుకుంటుంది. హెన్రియెట్టా లాక్స్ 1951లో ఈ జబ్బుతోనే చనిపోయింది. ఆమె నుంచి తీసిన హేలా కణాలు ప్రపంచంలోని ప్రయోగశాలల్లో నేటికీ పెరుగుతూనే ఉన్నాయంటే, వాటిలోని పద్దెనిమిదో టైపు ఇ6, ఇ7లు నేటికీ పని చేస్తూ ఉండడమే కారణం. ఆ పట్టు సడలితే క్యాన్సర్ నిలవదు. అందుకే ఇ7 చెక్కుచెదరకుండా ఉన్న వైరసే ముదురుతుంది.

కోవిడ్ చూసిన కళ్ళతో మనం "ఇది మారిందా?" అని భయపడతాం. ఇక్కడ భయపడాల్సింది మారని ముక్క గురించి. స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి చెప్తే మా ఫిజిక్స్ ఆయన "అయితే మ్యుటేషన్ వచ్చిందంటే స్వీట్లు పంచాలన్నమాట" అన్నాడు. నవ్వాను గానీ, కొన్ని వేలమందిని ఒకచోట కుప్ప పోస్తే కనబడే తేడాని ఒక్క మనిషి రిపోర్ట్‌లో చదవలేం. ఇ7లో ఒక మార్పు ఉందని తెలిసినంత మాత్రాన ఏ డాక్టరూ "ఇంటికి వెళ్ళి నిశ్చింతగా ఉండమ్మా" అనడు, అనకూడదు కూడా.

టెస్ట్ చేయించి ఉంటే

సరే, ఎక్కడో పరిశోధనశాలలో బతిమాలి వదినది చేయించామే అనుకుందాం. ఏం వచ్చేది? మనదేశంలో చూసిన నమూనాల్లో పదహారుకి సంబంధించి అత్యధికం ఎ శాఖే. అంటే దాదాపు ఎవరికి చేయించినా ఎ అనే వస్తుంది. వదిన ఆ కాగితం చూసి, "డి కాదట, గండం గడిచింది" అని కొబ్బరికాయ కొట్టి ఇంటి పనుల్లో పడిపోయేది. నాకు చాలా ఆలస్యంగా తట్టిన సంగతి ఇదే. డి కంటే ఎ కాస్త నెమ్మదైనదనడం టైపు 16 అనే ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య పోలిక. ఆ ఇల్లే అన్నిటికంటే చెడ్డ ఇల్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ క్యాన్సర్ వచ్చిన స్త్రీల మీద 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడింట రెండొంతుల మందిలో పదహారు, సుమారు అయిదో వంతు మందిలో పద్దెనిమిది దొరికాయి. మనవాళ్ళని చంపుతున్నది ఎక్కువగా ఆ "నెమ్మదైన" ఎ శాఖే.

వైరస్ జన్యువుల గురించే కాదు, మనిషి జన్యువుల గురించి కూడా ఇలాంటి ముచ్చటొకటి నడిచింది. మనిషి పి53లో 72వ స్థానంలో తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు కాపీల్లోనూ ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నవాళ్ళకి ఈ క్యాన్సర్ ముప్పు ఏడు రెట్లు ఎక్కువని 1998లో నేచర్ పత్రికలో వచ్చింది. పెద్ద సంచలనం. ఆ తర్వాత దేశదేశాల్లో చేసి చూస్తే ఆ ఏడు రెట్లు చాలాచోట్ల ఆవిరైపోయాయి. సైన్స్‌లో ఇది మామూలే, తప్పేం లేదు. ఆ మధ్యలో దాన్ని నమ్మి ఎవరైనా టెస్ట్ మానేసుకుని ఉంటేనే బాధ.

నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి బెంగళూరులో సీక్వెన్సింగ్, అంటే జన్యుక్రమాలు చదివే పని, చేస్తుంది. ఇదంతా చెప్తే ఒప్పుకోలేదు. "మేడమ్, మీరు మరీ కొట్టిపారేస్తున్నారు. అడినోకార్సినోమా లోపలి దారిలో దాక్కుంటుంది, ముఖద్వారం నుంచి కణాలు గీకి చూసే పాప్ స్మియర్‌కి తరచూ చిక్కదు. డి అని ముందే తెలిస్తే అక్కడ వెతకొచ్చు కదా?" ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. రేపు సీక్వెన్సింగ్ చవకైతే, పాజిటివ్ వచ్చిన వందమందిలో ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి ఇది పనికిరావచ్చు. ముప్పై అయిదో టైపు సంగతి కూడా ఆ పిల్లే గుర్తుచేసింది. ఆఫ్రికా మూలాలున్న స్త్రీలలో అది ఎక్కువ హాని చేస్తోంది, తొమ్మిది టైపుల టీకాలో మాత్రం దానికి చోటు లేదు. వైరస్ జన్యువులు ఎవరూ చదవకపోతే ఆ అన్యాయం బయటికే రాదు. కాబట్టి పరిశోధన ఆపమని నేననను. నా పేచీ దాన్ని ఇవాళ్టి రోగి చేతిలో పెట్టడంతోనే.

అసలు వదిన రిపోర్ట్‌లో వైరస్ జన్యుశాస్త్రం అప్పటికే ఉంది. "16" అన్న అంకె అదే. పదహారు గానీ పద్దెనిమిది గానీ వస్తే నేరుగా కాల్పోస్కోపీకి పంపుతారు, మిగతా టైపులైతే ముందు ఇంకో పరీక్షతో వడపోస్తారు. ఏం చేయాలో నిర్ణయించడానికి కావలసినంత తేడా ఆ ఒక్క అంకెలోనే ఉంది. వదిన దాన్ని దాటి ఇంకా లోపలికి చూస్తోంది.

ఆమె వెతుకుతున్నది ఇంకోటి

ఎందుకు చూస్తోందో నాకు వినాయకచవితికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తెలిసింది. రిపోర్ట్ బీరువాలో, పట్టుచీరల మడతల మధ్య దాచింది. తీసి చూపిస్తూ మెల్లగా అంది: "ఏ దేశం వేరియంటో తెలిస్తే, ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది కదమ్మాయ్."

అన్నయ్య పెళ్ళయిన కొత్తల్లో ఆరేళ్ళు దుబాయిలో పనిచేశాడు.

అప్పటిదాకా నేను డీఎన్‌ఏ గురించీ, మామిడిపళ్ళ గురించీ చెప్తున్నాను. ఆవిడ ఇరవై ఏళ్ళుగా అడగని ప్రశ్నకి ఆ టెస్ట్ జవాబిస్తుందేమో అని ఎదురుచూస్తోంది. తెలియదని చెప్పాను. ఎ శాఖ దుబాయిలోనూ ఉంటుంది, ఖమ్మంలోనూ ఉంటుంది, పేరుని బట్టి ఊరు పట్టలేం. సోకినవాళ్ళలో నూటికి తొంభై మందికి రెండేళ్ళలోపు శరీరమే దాన్ని అణిచేస్తుంది. కొందరిలో ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా ఉండి నడివయసులో తేలుతుంది. ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి అన్నది ఏ ల్యాబూ చెప్పలేదు. వదిన విని రిపోర్ట్ మళ్ళీ మడతపెట్టింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

ఇందులో డాక్టరుగారి తప్పు కొంత ఉంది. వేరియంట్ గురించి అడిగితే "అవన్నీ మీకెందుకమ్మా" అన్నారట. నేనిప్పుడు ఇంత పొడుగు పోస్టులో చెప్తున్నదీ ఒకరకంగా అదే కదా అని రాస్తూ రాస్తూ నాకే అనుమానం వచ్చింది. తేడా ఉందనే అనుకుంటున్నాను. ఆ ప్రశ్న ఎందుకు పనికిరాదో అయిదు నిమిషాలు కూర్చుని చెప్పడం వేరు, అడగొద్దనడం వేరు.

ఖమ్మంలో ఆ మాట ఇంకా గట్టిగా తగులుతుంది

2009 జూలైలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి హెచ్‌పీవీ టీకా వేశాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకి టీకాతో సంబంధం కనబడలేదని విచారణ తేల్చింది. కానీ గిరిజన పిల్లల హాస్టళ్ళలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లే అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారని కూడా తేల్చింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ జిల్లా వాళ్ళు ఈ వైరస్ పేరెత్తితే వెనక్కి జరుగుతారంటే వాళ్ళకి చదువు లేక అనుకోవడం పొరపాటు. ఒకసారి వాళ్ళని అడగకుండా చేశారు మరి.

విచిత్రమేమిటంటే ఆ ఆపేయడం వల్లే ప్రపంచానికి ఒక మేలు జరిగింది. అదే సమయంలో దేశంలో వేరేచోట్ల రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని ఇంకో అధ్యయనం నడుస్తోంది. కేంద్రం ఉత్తర్వుతో అదీ మధ్యలో ఆగింది, దాదాపు అయిదు వేలమంది పిల్లలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. వాళ్ళని పదేళ్ళు గమనిస్తే ఆ ఒక్క డోసే 16, 18ల నుంచి దాదాపు మూడు డోసులంత కాపు కాసిందని తేలింది. 2022 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసుకి సరే అనడం వెనుక ఈ లెక్క కూడా ఉంది.

స్క్రీనింగ్ విషయంలో నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ అధ్యయనం. ముప్పై నుంచి యాభై తొమ్మిదేళ్ళ మధ్య పల్లెటూరి స్త్రీలు 1,31,746 మంది. వాళ్ళని నాలుగు గుంపులు చేసి, ఒక గుంపుకి జీవితంలో ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ టెస్ట్ చేశారు. ఎనిమిదేళ్ళు చూస్తే, ఏ పరీక్షా లేని గుంపుతో పోల్చితే ఈ గుంపులో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగం. 2009లో ఫలితాలొచ్చాయి. వాళ్ళు వాడిన టెస్ట్ పదమూడు టైపుల్ని కలిపి ఉందా లేదా అని మాత్రమే చెప్పేది. వేరియంట్ మాట అటుంచండి, అది పదహారో పద్దెనిమిదో కూడా చెప్పలేదు. చావులు సగానికి తగ్గింది పాజిటివ్ వచ్చినవాళ్ళని పిలిచి, చూసి, వైద్యం చేయడం వల్ల. 2022 అంచనాల ప్రకారం మనదేశంలో ఏటా లక్షా 27 వేలమందికి ఈ క్యాన్సర్ వస్తోంది, 80 వేలమంది దాకా పోతున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నామన్న స్త్రీలు వందకి ఇద్దరు కూడా లేరు.

ప్రస్తుతానికి

"బతుకమ్మ అయ్యాక చూద్దాం" అంది వదిన. దసరా వెళ్ళిన వారానికి నేనే సెలవు పెట్టి తీసుకెళ్ళాను. కాల్పోస్కోపీలో మచ్చ కనబడింది, ముక్క తీసి పంపితే సీఐఎన్ 2 అని వచ్చింది. అంటే ఇంకా క్యాన్సర్ కాదు, వదిలేస్తే అవ్వొచ్చు. కరెంటు తీగతో ఆ భాగం తీసేసి సాయంత్రానికి ఇంటికి పంపారు. ఎదురుచూసిన ఆ రెండు నెలల్లో ఏమీ ముంచుకురాలేదు, ఈ జబ్బు నడక అంత నెమ్మది. రెండు నెలలు రెండేళ్ళు అయ్యే ఇళ్ళు నాకు తెలుసు కాబట్టే ఇంతగా రాస్తున్నాను.

ఆటోలో వస్తూ వదిన తన కూతురి గురించి అడిగింది. టీకా వేయిస్తే అన్ని వేరియంట్లకీ పనిచేస్తుందా అని. ఈసారి ప్రశ్న సరైనదే, జవాబూ ఉంది. టీకాలో ఉండేది వైరస్ పై తొడుగు మాత్రమే. టైపు 16లోని వేరియంట్లన్నిటి తొడుగూ మన యాంటీబాడీలకి ఒకటేలా కనబడుతుంది. మనదేశంలో తయారైన సెర్వావాక్ 2023 నుంచి దొరుకుతోంది, దానిలో 16, 18 రెండూ ఉన్నాయి.

వదినకి మళ్ళీ టెస్ట్ ఉగాది అయ్యాక. నేను నాది చేయించుకున్నాను, నెగటివ్. తనకి ఆపరేషన్ అని మాత్రం వదిన అన్నయ్యతో చెప్పింది, ఎందుకో చెప్పలేదు. వాళ్ళ తోడికోడలు "నాకేం నొప్పి లేదుగా, నేనెందుకు" అంటోందట. వచ్చే ఆదివారం వెళ్ళి ఆవిడతో మాట్లాడాలి.